సమశక్మ రేఖల కథ

విజయనగరానికి చేరువలో, నెల్లిమర్ల మండలములో రామతీర్థము అనే గ్రామము ఉన్నది. ఆ గ్రామము పక్కనే బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ అనే మూడు రాతికొండలు ఒకదాని సరసన ఒకటి నిలిచి ఉన్నవి. కోదండరామాలయమును దర్శింపగోరి బోధికొండ ఎక్కే యాత్రికులు కొందరు. గురుభక్తులకొండపైని బౌద్ధ శిథిలాలను, దుర్గకొండ గుహలోని జైన అవశేషాలను చూడబోయే చరిత్ర విద్యార్థులు కొందరు. మెట్లెక్కి పైకి పోయేవానికి ఆయాసము తప్పదు. కాని కొండను చుట్టి ఒకే ఎత్తున నడిచే మేకల కాపరికి అంత శ్రమ లేదు. ఎత్తు మారనంతవరకు భూమ్యాకర్షణకు ఎదురుగా అతడు చేసే పని ఏమీ లేదు గదా!

ఈ సామాన్యమైన అనుభవములోనే విద్యుచ్ఛాస్త్రములోని ఒక గొప్ప భావన ఇమిడి ఉన్నది. అదే సమశక్మ రేఖ. ఈ రేఖ మొదట గణితజ్ఞుని కాగితము మీద పుట్టినది. తరువాత రాగిపలక మీదికి దిగినది. చివరకు పొలాలలోని నేలమీదికి వచ్చినది. నూయి త్రవ్వవలసిన చోటును వెదకడానికి, పిడుగుపాటు నుండి ప్రాణము కాపాడుకొనడానికి ఈనాడు అదే రేఖ ఉపయోగపడుతున్నది. కాగితము నుండి నేలవరకు అది నడిచిన దారి తెలుసుకొనదగినది.

మూడు కొండలు, రెండు కనుమలు

రామతీర్థము చుట్టూ ఉన్న నేలంతా నీటిలో మునుగుతున్నదని ఒక్క నిమిషము ఊహింతము. నీరు కొద్దిగా పెరిగినప్పుడు మూడు కొండలనూ కలిపి ఒకే ఒడ్డు చుట్టి ఉంటుంది. నీరు ఇంకా పెరిగి కొండల నడుమనున్న కనుమలను దాటగానే ఆ ఒడ్డు తెగి, మూడు కొండల చుట్టూ మూడు వేరు వేరు ఒడ్లు ఏర్పడతవి. ఈ ఒడ్డు గీతలన్నిటినీ ఒకే కాగితము మీద గీస్తే, అదే ఆ ప్రదేశము యొక్క సమోన్నత రేఖల పటము. కాంటూరు పటమని విద్యార్థులు భూగోళ శాస్త్రములో చదివేది దీనినే.

ఆ పటమును చూచి కొండను చూడకుండానే చెప్పగలిగిన విషయాలు ఎన్నో ఉన్నవి. గీతలు ఇరుకుగా ఉన్నచోట వాలు నిలువుగా ఉంటుంది. గీతలు ఎడముగా ఉన్నచోట నేల ఇంచుమించు చదునుగా ఉంటుంది. వాన కురిస్తే నీరు ఏ దిక్కుగా జారుతుంది? ప్రతి గీతకూ లంబముగా, క్రిందివైపునకు. రెండు వేరు వేరు ఎత్తుల గీతలు ఒకదానినొకటి ఎన్నడూ ఖండించవు. ఖండిస్తే ఒకే చోటికి రెండు ఎత్తులు ఉన్నవని అర్థము వస్తుంది.

ఇట్లు సమానమైన విలువగల స్థలాలను గీతతో కలిపే పద్ధతి విజ్ఞాన చరిత్రలో మరీ పాతది కాదు. 1701లో ఎడ్మండ్ హాలీ అట్లాంటిక్ మహాసముద్రము మీద దిక్సూచి ముల్లు ఉత్తర దిక్కు నుండి ఒకే కోణము ఒరిగే స్థలాలను కలిపి పటము ప్రచురించినాడు. తోకచుక్కకు పేరిచ్చిన హాలీ ఇతడే. 1774లో మాస్కెలిన్ అనే ఖగోళజ్ఞుడు స్కాట్లండులోని షిహాలియన్ అనే కొండ తన ఆకర్షణతో వడంబపు గుండును ఎంత ప్రక్కకు లాగుతున్నదో కొలిచినాడు. ఆ కొలతల నుండి భూమి సాంద్రతను లెక్క కట్టే పని చార్లెస్ హట్టన్ అనే గణితజ్ఞునిపై పడినది. కొండ ఆకారము తెలిస్తేనేగాని లెక్క సాగదు. అతడు సమానమైన ఎత్తుగల చోట్లను గీతలతో కలిపి, ఆ చిక్కును విడదీసి, 1778లో ఫలితమును ప్రకటించినాడు.

మట్టము నుండి శక్మమునకు

సమోన్నత రేఖకు వెనుక మరొక లోతైన భావము ఉన్నది. నిలకడగా ఉన్న నీటి మట్టము భూమ్యాకర్షణ దిశకు ఎప్పుడూ లంబముగా ఉంటుంది. తాపీ మేస్త్రీకి ఇది తెలిసిన సంగతే. గోడ నిలువును గుండుదారముతోను, గోడ సమతలమును నీటిగొట్టముతోను అతడు చూచుకొంటాడు. ఆ రెండూ ఒకదానికొకటి లంబముగా ఉంటవని అతనికి ఎవరూ ఋజువు చేయనక్కరలేదు. 1743లో క్లేరో అనే ఫ్రెంచి గణితజ్ఞుడు భూమి ఆకారమును గురించిన తన గ్రంథములో ఈ మట్టపు తలాలను గణిత భాషలో చర్చించినాడు.

తరువాత లగ్రాంజ్, లాప్లాస్ అనే ఇద్దరు గణితజ్ఞులు ఒక సుళువైన దారి కనిపెట్టినారు. ఆకర్షణ బలమునకు పరిమాణమూ ఉన్నది, దిశా ఉన్నది. ప్రతి బిందువు వద్ద ఈ రెంటినీ లెక్కించడము శ్రమతో కూడిన పని. దానికి బదులుగా ప్రతి బిందువుకూ ఒకే ఒక సంఖ్యను ఇవ్వవచ్చును. ఆ సంఖ్య స్థలము నుండి స్థలమునకు ఎంత వేగముగా మారుతున్నదో చూస్తే బలము దానంతట అదే తెలుస్తుంది. కొండల ఉపమానములో చెప్పాలంటే, ప్రతిచోటా వాలును కొలిచే బదులు, ప్రతిచోటా ఎత్తును వ్రాసి ఉంచుకొంటే చాలును. ఎత్తుల నుండి వాలు తెలుస్తుంది.

విద్యుత్తులో ఈ భావమును మొదట తాకినవాడు ఇంగ్లండులోని హెన్రీ కావెండిష్. తీగతో కలిపిన రెండు వాహకాలు, వాటి పరిమాణాలు ఎంత వేరైనా, ఒకే స్థాయి విద్యుదీకరణను పొందుతవని అతడు 1771లోనే చెప్పినాడు. రెండు చెరువులను కాలువతో కలిపితే రెంటిలోనూ నీటిమట్టము ఒకటే అవుతుంది. ఏ చెరువు పెద్దది, ఏది చిన్నది అనే ప్రశ్న లేదు. కాని కావెండిష్ చేసిన ప్రయోగాలలో అధిక భాగము అతని కాగితాల కట్టలలోనే ఉండిపోయినది. వంద సంవత్సరాలు గడచిన తరువాత, 1879లో, జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ వాటిని పరిష్కరించి అచ్చు వేసినాడు.

పిండిమరలో పుట్టిన పేరు

ఈ సంఖ్యకు పేరు పెట్టినవాడు జార్జి గ్రీన్. ఇతడు 1793లో నాటింగ్‌హాంలో ఒక రొట్టెలు చేసే వ్యాపారి కుమారుడుగా పుట్టినాడు. చిన్ననాట ఇతడు బడికి పోయినది సుమారు ఒక సంవత్సరము మాత్రమే. తండ్రి కట్టించిన గాలిమరలో పిండి విసరడము ఇతని వృత్తి. ఆ పని నడుమ తీరిక చేసికొని గణితము చదువుకొన్నాడు. 1828లో విద్యుత్తు, అయస్కాంతత్వముల సిద్ధాంతాలకు గణితమును అన్వయిస్తూ ఒక వ్యాసమును సొంతముగా అచ్చు వేయించినాడు. చందాదారులు 51 మంది. వారిలో చాలామందికి అందులోని గణితము అర్థమై ఉండదు.

ఆ వ్యాసములోనే పొటెన్షియల్ అనే పేరు విద్యుచ్ఛాస్త్రములోనికి వచ్చినది. తెలుగు పాఠ్యగ్రంథాలలో దీనిని శక్మము అని వ్యవహరిస్తున్నారు. ఒక యూనిట్ ధనావేశమును అనంత దూరము నుండి ఒక బిందువు వద్దకు తెచ్చుటకు చేయవలసిన పనియే ఆ బిందువు యొక్క విద్యుత్ శక్మము. దీనిని వోల్టులలో కొలుస్తారు. సమానమైన శక్మముగల బిందువులన్నిటినీ కలిపితే వచ్చేది సమశక్మ తలము. కొండ ఎత్తులు నేలమీద ఉన్నవి కనుక అక్కడ రేఖలు వచ్చినవి. విద్యుత్ క్షేత్రము ఆవేశము చుట్టూ అన్ని దిక్కులా ఉన్నది కనుక ఇక్కడ తలాలు వస్తవి. ఒంటరి ఆవేశము చుట్టూ ఈ తలాలు ఉల్లిపాయ పొరలవలె ఒకదానిలో ఒకటి ఇమిడిన గోళాలు. ఆ తలాలను ఒక కాగితముతోనో, ఒక నేలతోనో కోసి చూస్తే సమశక్మ రేఖలు కనపడతవి.

గ్రీన్ నలభై యేండ్ల వయస్సులో కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరి, 1841లో మరణించినాడు. అప్పటికి అతని వ్యాసము విలువ తెలిసినవారు దాదాపు లేరు. 1845లో విలియం థామ్సన్ అనే యువకుడు, అనగా తరువాతి కాలపు లార్డ్ కెల్విన్, ఆ వ్యాసము ప్రతులను సంపాదించి పారిసుకు తీసికొని పోయినాడు. అక్కడి గణితజ్ఞులు దానిని చదివి ఆశ్చర్యపడినారు. 1850 మొదలుకొని 1854 వరకు అది జర్మనీలోని ఒక ప్రసిద్ధ గణిత పత్రికలో తిరిగి అచ్చయినది. ఈలోగా 1840 ప్రాంతములో గౌస్ అనే జర్మన్ గణితజ్ఞుడు గ్రీన్ వ్యాసమును చూడకుండానే అదే పేరుతో అదే భావమును ప్రతిపాదించి ఉన్నాడు.

పంజరములోని ఫారడే

గణితము రాని మైకేల్ ఫారడే ఇదే సత్యమును మరొక ద్వారము గుండా చేరుకొన్నాడు. 1836లో ఇతడు సుమారు 12 అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుగల పెద్ద పంజరము చేయించి, దాని గోడలను వాహకపు తీగలతోను, రేకుతోను కప్పి, విద్యుద్దర్శినులను తీసికొని తాను లోపల కూర్చున్నాడు. బయట గోడలపై విద్యుత్తు రవ్వలు చిమ్మేటంతగా ఆవేశమును పంపినారు. లోపల మాత్రము ఏ పరికరమూ కదలలేదు.

కారణము ఇది. వాహకములో ఆవేశాలు స్వేచ్ఛగా కదలగలవు. ఒకచోట శక్మము ఎక్కువ, మరొకచోట తక్కువ ఉంటే, రెండూ సమానమయ్యేవరకు ఆవేశము ప్రవహిస్తుంది. ప్రవాహము ఆగినదంటే వాహకమంతటా ఒకే శక్మము ఏర్పడినదన్న మాట. అందువలన నిశ్చల స్థితిలో ప్రతి వాహకపు ఉపరితలమూ ఒక సమశక్మ తలమే. అట్టి తలము నలువైపులా మూసి ఉండి, లోపల వేరే ఆవేశము లేకపోతే, లోపలి చోటంతా అదే శక్మములో ఉంటుంది. ఎత్తు పల్లములు లేని మైదానములో నీరు ఎటు పారుతుంది? ఎటూ పారదు. 1876లో మాక్స్‌వెల్ ఈ సూత్రమును ఆధారము చేసికొనియే, కట్టడమును రాగితీగల వలతో చుట్టితే పిడుగునుండి రక్షణ కలుగుతుందని సూచించినాడు.

రాగిపలక మీద మొదటి రేఖ

ఇంతవరకు సమశక్మ రేఖ మనోనేత్రమునకు మాత్రమే కనిపించే వస్తువు. దానిని ప్రయోగశాలలో వెదకి పట్టుకొన్నవాడు 21 సంవత్సరాల విద్యార్థి. అతడే గుస్తావ్ కిర్కాఫ్. 1845లో, కోనిగ్స్‌బర్గు విశ్వవిద్యాలయములో చదువుకొంటూ, గుండ్రని పలకలో విద్యుత్తు ఏ విధముగా ప్రవహిస్తుందో అతడు పరిశీలించినాడు.

పద్ధతి చాల సులభము. పలక అంచున ఒకచోట విద్యుత్తు లోపలికి వచ్చి, మరొకచోట బయటికి పోతుంది. గాల్వనోమీటరు తీగలలో ఒకదాని కొనను పలకపై ఒక బిందువు వద్ద కదలకుండా ఉంచాలి. రెండవ కొనను పలకపై జరుపుతూ పోవాలి. ముల్లు అటూ ఇటూ ఒరిగితే ఆ రెండు బిందువుల నడుమ శక్మ భేదము ఉన్నదని అర్థము. ముల్లు కదలకుండా సున్నావద్ద నిలిచినదా, ఆ రెండు బిందువులూ ఒకే శక్మములో ఉన్నవి. అక్కడ గుర్తు పెట్టి, అటువంటి గుర్తులను కలుపుకొంటూ పోతే సమశక్మ రేఖ సిద్ధమవుతుంది. గుండ్రని పలక మీద ఈ రేఖలు వృత్త ఖండాలుగా రావలెనని అతని గణితము చెప్పినది. పలకపై గుర్తులూ ఆ మాటనే చెప్పినవి. ఈనాటి విద్యార్థులు వల్లెవేసే కిర్కాఫ్ నియమాలు రెండూ ఈ వ్యాసమునకు అనుబంధముగా వెలువడినవే.

ఇక్కడ గమనింపదగిన విశేషము ఒకటి ఉన్నది. సాధారణముగా కొలత అంటే ముల్లు ఎంత కదిలినదో చూడడము. కిర్కాఫ్ వెదకినది ముల్లు కదలని చోటును. ప్రవాహము లేని దారిని కనుగొంటే, ప్రవాహము ఉన్న దారి దానికి లంబముగా ఉంటుందని తెలిసిపోతుంది.

1870లో మాక్స్‌వెల్ కొండలు, లోయల ఆకృతులను గురించి ఒక చిన్న వ్యాసము వ్రాసి, శిఖరాల సంఖ్య కనుమల సంఖ్యకంటె ఒకటి ఎక్కువ ఉంటుందని వివరించినాడు. రామతీర్థములో వరుసగా నిలిచిన మూడు కొండలకు నడుమ కనుమలు రెండు అన్నది ఈ నియమమునకు చక్కని ఉదాహరణము. 1873లో వెలువడిన అతని విద్యుదయస్కాంత మహాగ్రంథములో బలరేఖలు, సమశక్మ రేఖలు గీసిన పటాలు ఉన్నవి. రెండు సజాతీయ ఆవేశాల చుట్టూ గీసిన రేఖలను చూస్తే జంటకొండల సమోన్నత పటమే జ్ఞప్తికి వస్తుంది. దూరాన రెంటినీ కలిపి చుట్టే రేఖలు. దగ్గర దేనికి దానికే చుట్టుకొనే రేఖలు. నడుమ ఒక కనుమ. ఆ కనుమ వద్ద విద్యుత్ క్షేత్రము శూన్యము.

పలక నుండి పొలమునకు

భూమిలో సహజముగా విద్యుత్ ప్రవాహాలు ఉన్నవని 1830లోనే ఇంగ్లండులోని రాబర్ట్ వేర్ ఫాక్స్ కనుగొన్నాడు. అతడు కార్న్‌వాల్ ప్రాంతపు గనులలో రాగిరేకులను ఖనిజపు చారలకు ఆనించి, తీగలతో గాల్వనోమీటరుకు కలిపి, ముల్లు కదలడము చూచినాడు. ఖనిజము తనను తానే తెలియజేస్తున్నదన్న మాట. కాని ఈ పరిశీలన ఒక క్రమమైన అన్వేషణ పద్ధతిగా పెరగడానికి ఎనభై సంవత్సరాలు పట్టినది.

ఆ పని చేసినవాడు ఒక ఉపాధ్యాయుడు. పారిసులోని గనుల కళాశాలలో భౌతికశాస్త్రము బోధించే కాన్రాడ్ ష్లుంబర్జె, మొదట ఇసుక నింపిన తొట్టెలో ప్రయోగాలు చేసి, 1912లో నార్మండీలోని తమ కుటుంబపు ఎస్టేటులో నేలనే రాగిపలకగా చేసికొన్నాడు. రెండు లోహపు కడ్డీలను నేలలో దిగగొట్టి వాటి నడుమ విద్యుత్తు పంపినాడు. కిర్కాఫ్ చేసినట్లే, ఒక కొనను ఒకచోట నిలిపి, రెండవ కొనను పొలములో జరుపుకొంటూ, శక్మ భేదము లేని చోట్లను గుర్తించి పటము గీసినాడు. నేల అంతటా ఒకే తీరుగా ఉంటే రేఖలు గణితము చెప్పినట్లు వస్తవి. అడుగున విద్యుత్తును బాగా ప్రసరింపజేసే పదార్థము ఉంటే రేఖలు దానికి దూరముగా తొలగి వంకర పోతవి. ఆ వంకరలో భూగర్భపు రహస్యము వ్రాసి ఉంటుంది. 1920లో ఆయన ఈ పద్ధతిని వివరిస్తూ ఒక గ్రంథము ప్రకటించినాడు. 1927లో తమ్ముడు మార్సెల్‌తో కలసి ఏర్పరచిన సంస్థ, చమురు బావిలోనికి ఇట్టి విద్యుత్ పరికరమును దించి, లోతువెంట రాతిపొరల స్వభావమును మొదటిసారిగా నమోదు చేసినది.

ఈలోగా 1915లో అమెరికాలో ఫ్రాంక్ వెన్నర్ మరొక సులువు చెప్పినాడు. నాలుగు కడ్డీలను సమాన దూరములో వరుసగా నేలలో దింపి, వెలుపలి రెంటి గుండా విద్యుత్తు పంపి, లోపలి రెంటి నడుమ శక్మ భేదమును కొలవాలి. కడ్డీల మధ్య దూరము 10 మీటర్లు, పంపిన విద్యుత్తు 0.1 ఆంపియరు, శక్మ భేదము 0.16 వోల్టు అనుకొంటే, 0.16ను 0.1తో భాగించి, 10తోను, 6.28తోను గుణిస్తే సుమారు 100 వస్తుంది. ఆ నేల విశిష్ట నిరోధము 100 ఓమ్-మీటర్లు. కడ్డీలను ఎంత ఎడముగా నాటితే విద్యుత్తు అంత లోతుకు పోతుంది. కనుక త్రవ్వకుండానే లోతు పొరల సమాచారము కొంత తెలుస్తుంది.

ఖొండలైటు దేశము

ఉత్తరాంధ్రలో ఈ విద్యకు పని ఎక్కువ. విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతపు కొండలలో విస్తారముగా కనిపించే ఒక శిలకు ఖొండలైటు అని పేరు. తూర్పు కనుమలలో నివసించే ఖోండు జాతి పేరు మీదుగా 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టినాడు. భారతదేశములో మాంగనీసు తవ్వకము మొదలైనది కూడ ఈ ప్రాంతములోనే, 19వ శతాబ్దపు చివరి దశకములో. గరివిడి, గర్భాం, కోడూరు గనుల పేర్లు భూగర్భ శాస్త్ర గ్రంథాలకు ఎక్కినవి. భారతదేశపు మాంగనీసు ఖనిజాలను గురించి 1909లో బృహద్గ్రంథము వ్రాసిన ఫెర్మర్, ఇక్కడి ఒక శిలకు కోడూరు పేరు మీదుగా కోడురైటు అని నామకరణము చేసినాడు. ఖొండలైటులో అక్కడక్కడ గ్రాఫైటు కూడ కలసి ఉంటుంది. గ్రాఫైటు విద్యుద్వాహకము, కనుక అది ఉన్నచోట నేలమీది సమశక్మ రేఖలు వెంటనే చెదరుతవి.

ఐతే సామాన్య రైతుకు మాంగనీసుకంటె నీరు ముఖ్యము. గట్టి రాయి విద్యుత్తును సులభముగా పోనీయదు. ఎండవానలకు చివికి మెత్తబడి, నీటిని పీల్చుకొన్న రాతిపొర దానికంటె ఎంతో సులభముగా పోనిస్తుంది. చివికిన పొర ఎంత మందమున్నది, గట్టి రాయి ఎంత లోతున తగులుతుంది అనే ప్రశ్నలకు నాలుగు కడ్డీలు, ఒక బ్యాటరీ, ఒక మీటరు కలసి చెప్పే జవాబు చాల విలువైనది. ఆ జవాబులోనూ జాగ్రత్త అవసరము. బంకమట్టి కూడ విద్యుత్తును బాగా పోనిస్తుంది, కాని నూతిలోనికి నీరు విడువదు. ఉప్పునీరు ఇంకా బాగా పోనిస్తుంది, కాని త్రాగుటకు పనికిరాదు. కనుక మీటరు చూపిన అంకెను, ఆ చుట్టుపక్కల నూతుల లోతును, గెడ్డ పారే తీరును, రాతి జాతిని కలిపి ఆలోచించగలవాడే సరియైన చోటు చూపగలడు. అప్పు తెచ్చి బోరు వేయించే రైతుకు అరచేతిలో కొబ్బరికాయ నిలిచినదా, పడినదా అన్నదానికంటె ఈ ఆలోచన నమ్మదగినది.

మన దేశములో భూభౌతిక శాస్త్రమునకు ప్రత్యేక శాఖను మొదట నెలకొల్పిన విశ్వవిద్యాలయము వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. ఆ సంవత్సరము 1949. 1961లో హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వెలసినది. కిర్కాఫ్ రాగిపలక, ష్లుంబర్జె పొలము ఈ విధముగా తెలుగు విద్యార్థుల చేతికి వచ్చినవి.

అడుగుల నడుమ వోల్టులు

నేలమీద సమశక్మ రేఖలు గీసేది శాస్త్రజ్ఞుడు ఒక్కడే కాడు. పిడుగు కూడ గీస్తుంది. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశములో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనవి. పిడుగు చెట్టుమీద పడి నేలలోనికి దిగినప్పుడు, ఆ చెట్టు మొదలు ఒక కొండ శిఖరము వంటిది అవుతుంది. ఎత్తు బదులు వోల్టులు. దాని చుట్టూ సమశక్మ రేఖలు వలయాలు వలయాలుగా ఏర్పడతవి. చెట్టుకు దగ్గరగా ఆ వలయాలు కిక్కిరిసి ఉంటవి, దూరమైనకొద్దీ పలుచబడతవి.

లెక్క వేసి చూతము. నేల విశిష్ట నిరోధము 100 ఓమ్-మీటర్లు, పిడుగు విద్యుత్తు 20,000 ఆంపియర్లు అనుకొందము. నేల అంతటా ఒకే తీరుగా ఉంటే, ఈ రెంటి లబ్ధమును 6.28తోను, చెట్టు నుండి దూరముతోను భాగిస్తే అక్కడి శక్మము వస్తుంది. చెట్టుకు 10 మీటర్ల దూరాన అది సుమారు 31,800 వోల్టులు. 10.5 మీటర్ల దూరాన సుమారు 30,300. అనగా అరమీటరు అడుగు వేసి నిలిచిన మనిషి రెండు పాదాల నడుమ సుమారు 1,500 వోల్టుల భేదము. అక్కడే చెట్టువైపు తల పెట్టి నిలిచిన ఆవు ముందుకాళ్ళకు, వెనుకకాళ్ళకు ఎడము ఒకటిన్నర మీటరు ఉంటే, భేదము 4,100 వోల్టులు దాటుతుంది. పైగా ఆవు శరీరములో విద్యుత్తు ముందుకాళ్ళ నుండి వెనుకకాళ్ళకు గుండె మీదుగా పోతుంది. మనిషిలో ఒక కాలి నుండి మరొక కాలికి పోయే విద్యుత్తులో అధిక భాగము గుండెను తాకదు. ఒకే చెట్టు క్రింద చేరిన మందలో పిడుగు నేరుగా తగలని పశువులు కూడ కూలిపోవడానికి ఇదే కారణము. అదే ఆవు వలయము వెంబడి అడ్డముగా నిలిచి ఉంటే నాలుగు కాళ్ళూ ఇంచుమించు ఒకే శక్మములో ఉండేవి. 100 మీటర్ల దూరాన మనిషి అడుగుకు వచ్చే భేదము 16 వోల్టులు మాత్రమే.

ఇందులో గ్రహింపవలసినది, ప్రాణము తీసేది శక్మము కాదు, శక్మ భేదము. కరెంటు తీగమీద వాలిన కాకికి ఏమీ కాదు; దాని రెండు కాళ్ళూ దాదాపు ఒకే శక్మములో ఉన్నవి. కనుక ఉరుములు మొదలైనప్పుడు పక్కా కట్టడములోనికి చేరడము అన్నిటికంటె మేలు. ఒంటరి చెట్టు క్రిందికి పోరాదు. నేలమీద పండుకొనరాదు; పండుకొన్న శరీరము ఎన్నో వలయాలను ఖండిస్తుంది. దారి లేక బయట చిక్కుకొన్నవారు పాదాలు రెండూ దగ్గరగా చేర్చి ఉంచుకొంటే అడుగుల నడుమ భేదము తగ్గుతుంది. తెగి పడిన విద్యుత్ తీగ దగ్గరలో నిలిచి ఉన్నామని గ్రహించినవారు పెద్ద అడుగులు వేసి పరుగెత్తరాదు. పాదాలను నేలనుండి ఎత్తక, ఒకదానితో ఒకటి ఆనించి, కొంచెము కొంచెముగా జరుపుకొంటూ దూరము పోవాలి.

తరగతి గదిలో

కిర్కాఫ్ ప్రయోగమును ఏ ఉన్నత పాఠశాలలోనైనా చేయవచ్చును. అడుగు చదునుగా ఉన్న గాజు పళ్ళెము క్రింద గళ్ళ కాగితము పరచి, పళ్ళెములో వ్రేలి మందము కుళాయి నీరు పోయాలి. రెండు మేకులను ఇరువైపులా నిలిపి 6 వోల్టుల టార్చి బ్యాటరీలకు కలపాలి. ఇంటి కరెంటును ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు. మల్టీమీటరు ఒక కొనను ఋణ మేకుకు తగిలించి, రెండవ కొనతో నీటిలో 2 వోల్టులు చూపే బిందువులను వెదకి, వేరొక గళ్ళ కాగితముపై గుర్తించి కలపాలి. తరువాత 3, 4 వోల్టుల రేఖలు. ఇప్పుడు నడుమ ఒక లోహపు కడియము ఉంచి మరల కొలవాలి. కడియము లోపల ఎక్కడ ముంచినా మీటరు ఒకే అంకె చూపుతుంది. వెలుపలి రేఖలు కడియమును తప్పించుకొని వంగి పోతవి. ఫారడే పంజరమూ, ష్లుంబర్జె పొలమూ ఆ ఒక్క పళ్ళెములో కనపడతవి.

పరీక్షలో సమశక్మ తలమునకు నిర్వచనము వ్రాసి రెండు మార్కులు పొందడము కష్టము కాదు. ఆ తలము తన పాదాల క్రింది నేలను కూడ ఖండించి పోతున్నదని గ్రహించిన విద్యార్థికి, ఉరిమే ఆకాశము క్రింద పశువులను ఏ చెట్టు దరికి తోలరాదో ఎవరూ ప్రత్యేకించి చెప్పనక్కర ఉండదు.